గంటలో కుక్కిన గుడ్డ

నాది కుళ్లుబోతు గుణం. ఈ సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి దాచి లాభం లేదు. ఎదుటి మనిషి చీర నా చీర కంటే ఒక వన్నె ఎక్కువుంటే ఆ పూట నాకు ముద్ద దిగదు. ఈ గుణమంతా నేను ధారపోసింది మాత్రం ఒక్క మనిషి మీదనే. ఆమె మా ఆయన అన్న భార్య, నా తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నాకంటే పొడుగు, నాకంటే తెలుపు. ఆమె చేసిన రాగిసంగటి ఉండలు కట్టకుండా వెన్నలా వచ్చేది, నాది వచ్చేది కాదు. ఇంతకు మించి ఆమె నాకు చేసిన అపకారం ఏమీ లేదు.

మా ఊరు రాయచోటి దగ్గర. మా మామ పోయిన ఏడాదే అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డారు. ఉన్న ఒక్క మిద్దెనే రెండిళ్లుగా చేసుకుని, పెరటి మధ్య రొమ్ము ఎత్తున బండలు నిలబెట్టుకున్నారు. చేను, ఎద్దులు, గంగాళాలు అన్నీ రెండు పాళ్లయ్యాయి. పాలు కాకుండా మిగిలింది మా అత్త బంగారు వడ్డాణం ఒక్కటే. దాన్ని తుంచడానికి వీల్లేదని అత్త పట్టుబట్టింది. అమ్మడానికీ ఒప్పుకోలేదు. చివరికి కోడళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని తీర్పు చెప్పింది.

"ఎవురింట్లో భద్రంగా ఉంటాదో ఆ ఇంట్లో ఉంటాది. అది యాడుంటే నేనాడ."

భద్రం అనే మాట ఊరికే రాలేదు. అవి యుద్ధం రోజులు. రెండేళ్లుగా వానల్లేవు, చుట్టుపక్కల ఊళ్లలో దొంగతనాలు పెరిగాయి. కొన్నిచోట్ల గోడకు కన్నం వేశారు. కొన్నిచోట్ల మిద్దె మీద వెలుతురు కోసం వదిలే గవాచి రాళ్లు పెకలించి లోపలికి దిగారు. పట్టపగలు తలుపు బీగం పగలగొట్టి పోయిన ఊళ్లు కూడా ఉన్నాయి. అందుకని వడ్డాణం దక్కాలంటే దొంగ వస్తే తెలిసిపోయే ఏర్పాటు ఏదో ఒకటి ఇంట్లో ఉండాలి. మొదటిరోజు నాకు ఆ వడ్డాణం మీద అంత మోజు లేదు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, అత్తకు తిరిగి ఇస్తుంటే చూశాను. అది ఆమె నడుముకు ఎంత బాగుంటుందో తోచింది. అప్పట్నుంచి అది నాకే కావాలి.

బావకు వేరుశనగ వ్యాపారం. నెల తిరక్కుండానే మద్రాసు పోయి ఒక గంట తెచ్చాడు. ఇటుకంత ఇనప డబ్బా, దాని మీద ఇత్తడి గిన్నె, గిన్నె పక్కన చిన్న సుత్తి. గడియారానికి కీ ఇచ్చినట్టు చెవి తిప్పి దాన్ని వీధి తలుపు వెనక ద్వారబంధానికి బిగించాడు. ఇంటివాళ్లు పెరటి వాకిలి నుంచి బయటికి రావాలి. ఎవరైనా వీధి తలుపు తోస్తే చాలు, సుత్తి గిన్నెను కొడుతూనే ఉంటుంది. మొదటిసారి అది మోగినప్పుడు పక్కవీధి కమ్మరాయన కొలిమి దగ్గర్నుంచి చేతిలో సమ్మెటతో పరిగెత్తుకొచ్చాడు. ఊరంతా నవ్వింది. వారం రోజులు ఆ గంట చూడటానికి జనం తిరణాలకు వచ్చినట్టు వచ్చారు. అక్క అందరికీ మజ్జిగ ఇచ్చేది. నేను బండల ఇవతల నిలబడి ఎన్ని గ్లాసులో లెక్కపెట్టేదాన్ని.

మా ఆయన బోర్డు బడిలో అయ్యవారు. మనకూ గంట కావాలని అడిగితే, ఉన్న రెండు చెంబులకు గంట ఎందుకని నవ్వాడు. ఆ నవ్వుకు మూడు రోజులు నేను మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే దిగివచ్చి, ఒక కుక్కను తెద్దామన్నాడు. కుక్క వంటింట్లో దూరుతుందని అత్త ఒప్పుకోదు. కిరసనాయిలు డబ్బాలు తాడుకు కట్టి వాకిలికి అడ్డంగా వేలాడదీద్దామన్నాడు. బావ మద్రాసు గంట పెడితే నేను డొక్కు డబ్బాలు కట్టుకోవాలా అని అడిగాను. పరీక్షకని కర్నూలు పోయినప్పుడు అక్కడ ఒక వకీలు ఇంట్లో తీగెలూ బ్యాటరీలూ పెట్టి గంట కట్టించడం చూశాడట. తెమ్మంటే, అది తెచ్చే స్తోమత వకీళ్లకే ఉంటుందన్నాడు. తలారికి ఏడాదికింత గింజలు కొలిచి వాకిట్లో కూర్చోబెడదామని కూడా అనుకున్నాం. కానీ ఆ తలారి ఇంట్లోనే మొన్న దొంగలు పడ్డారు.

మార్గం చూపించింది గుడ్లు అమ్మే సాయిబుల ముసలమ్మ. నా ముఖం చూసి సంగతి అడిగింది. విని, బోసినోటితో నవ్వింది.

"గిన్నీకోళ్లను పెట్టుకో బేటీ. కొత్త మనిషి నీడ పడితే సాలు, గొంతు సించుకుంటాయి. వాటికి చెవి తిప్పే పని ల్యా."

ఆరు గిన్నీకోళ్లు తెచ్చాను. ఒంటినిండా చుక్కలు, నెత్తిన చిన్న కొమ్ము. చూడటానికి ముచ్చటగానే ఉండేవి, నోరు విప్పితే మాత్రం రంపంతో బండ కోసినట్టుండేది. అవి కొత్తవాళ్లను చూసి అరిచేవి, పాతవాళ్లను చూసి అరిచేవి, గాలికి ఎగిరిన మోదుగాకును చూసి కూడా అరిచేవి. వీధిలో అందరూ తిట్టుకున్నారు. నాకు ఆ తిట్లు కూడా గొప్పగానే ఉండేవి. అక్క ఒక్కతే ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి ఆ కోళ్లు బండలెక్కి అటు దిగి ఆమె చేతిలోంచి కొర్రలు తినడం మొదలుపెట్టాయి. ఊరందరినీ చూసి అరిచేవి, ఆమెను చూస్తే నోరెత్తేవి కావు. నా కోళ్లను కూడా ఆమె లాక్కుందని ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

ఉగాది దాటాక అత్త పరీక్ష పెట్టింది. రాయచోటి నుంచి తన తమ్ముణ్ణి పిలిపించింది. ఆదివారం మధ్యాహ్నం రెండిళ్లకూ బీగాలు వేసి, మేమంతా కమ్మరి కొలిమి పక్క అరుగు మీద కూర్చోవాలి. ఆ ముసలాయన బీగం చెవులు తీసుకుని ఒక్కో ఇంట్లోకీ పోవాలి. ఏ ఇంటి సద్దు ఎక్కువ వినపడితే వడ్డాణం ఆ ఇంటిది.

నాకు భయం పట్టుకుంది. ఆ గంట ముందు నా కోళ్లు ఎంత అరిచినా చాలదని తెలుసు. ఆదివారం పొద్దున మజ్జిగ తోడు కోసమని గిన్నె పట్టుకుని అక్క ఇంటికి పోయాను. ఆమె పెరట్లో గేదె దగ్గర ఉంది. ఉట్టి కింద పీట ఉంటే వీధి తలుపు దగ్గరికి లాక్కుని ఎక్కాను. అప్పటికే నా చేతిలో గుడ్డ పీలిక ఉంది. మా పుట్టింటివాళ్లు పెట్టిన నీలి గళ్ల చీర చిరిగిపోతే మసిగుడ్డలు చేసుకున్నాను, వాటిలోది ఒకటి. సుత్తికీ గిన్నెకూ మధ్య దాన్ని వేలితో బాగా లోపలికి కుక్కాను. పీట మళ్లీ ఉట్టి కిందికి జరిపాను. అక్క వచ్చి గిన్నెలో తోడు వేసి, పైన ఇంత వెన్న కూడా పెట్టి ఇచ్చింది. ఆ వెన్నకు కూడా నాకు కోపమే వచ్చింది.

మధ్యాహ్నం ముసలాయన ముందు బావ ఇంటికి పోయాడు. మేం చెవులు రిక్కించి కూర్చున్నాం. సద్దు లేదు. చాలాసేపటికి ముసలాయన వీధి తలుపులోంచి తల బయటపెట్టి, నేను లోపల నీళ్లు కూడా తాగినాను, మోగలేదే అని కేకేశాడు. తర్వాత మా పెరట్లో కాలు పెట్టాడో లేదో ఆరు కోళ్లూ ఒక్క గొంతుతో లేచాయి. కొలిమి దగ్గర జనం నవ్వారు. బావ ముఖం కందగడ్డ అయింది.

ఇంటికి పోగానే బావ గంట పీకబోయాడు. ఆయన చేతికి ఆ గుడ్డ దొరికితే నా బతుకు అంతటితో సరి. అక్క ఆయన్ను ఆపి, తనే పీట వేసుకుని ఎక్కింది. మాకు వీపు పెట్టి డబ్బాలోకి కొంతసేపు చూసింది. దిగి, స్ప్రింగు తెగినట్టుండాది అంది. బావ మద్రాసువాళ్లను బూతులు తిట్టి, గంటను ఊడపెరికి, చేత్తో పట్టుకుపోయి కమ్మరి కొలిమిలో వేసి వచ్చాడు. అక్క వద్దనలేదు. ఆమె గుడ్డను చూసిందా లేదా అని ఆ రోజంతా గింజుకున్నాను. చూసి ఉంటే ఊరుకునేది కాదు, కాబట్టి అది లోపలికి జారిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే ఊరుకునేదాన్ని కాదు మరి.

వడ్డాణం మా ఇంటికి వచ్చింది. అత్త కూడా మంచం, మందుల సంచి తెచ్చుకుని వచ్చింది. వడ్డాణాన్ని కొర్రల కాగులో అడుగున దాచాను. రోజూ ఒకసారి చెయ్యి పెట్టి తడిమి చూసుకునేదాన్ని. సంతోషంగానే ఉండేది. కానీ అత్త రెండు పూటలా నా సంగటి తిని, పెద్దది బాగా గెలికేది అనేది.

ఆ ఏడు వానలు పడ్డాయి, వేరుశనగ పెరికే రోజుల్లో ఊరంతా చేలల్లోనే ఉండేది. మేమూ రెండిళ్లకూ బీగాలు వేసి, అత్తను కూడా బండిలో కూర్చోబెట్టుకుని పోయాం. పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చేసరికి అక్క ఇంటి వీధి తలుపు తెరిచి ఉంది. బీగం పగిలి గడప దగ్గర పడి ఉంది. లోపల ఆమె పుట్టింటి సొమ్ముల పెట్టె తప్ప దొంగ దేన్నీ కదిలించలేదు. కమ్మలు, కాసులపేరు, ఆమె తల్లి ఇచ్చిన వెండి గిన్నె, అన్నీ పోయాయి. మా ఇంటి బీగాన్ని ముట్టనైనా ముట్టలేదు. దొంగకు కూడా మా ఇల్లు ఆనలేదా అని ఒక్క క్షణం నాకు చిన్నతనంగా అనిపించింది. అది కూడా దాచకుండా చెబుతున్నాను.

జనం చేరారు. కమ్మరాయన చేతులు నలుపుకుంటూ వాకిట్లో నిలబడ్డాడు.

"ఆ గంట ఉండుంటే నాకు ఇనపడేది తల్లీ. మద్దేన్నం కోళ్లు అరిసినాయి. అవి రోజూ అరుస్తానే ఉంటాయి గదా, నేను లెయ్యలా."

అందరూ నా వైపు చూస్తారేమో అనుకున్నాను. ఎవరూ చూడలేదు. అక్క నేల మీద కూర్చుని ఖాళీ పెట్టెను ఒళ్లోకి లాక్కుంది. అడుగున ఏదో గుడ్డ ఉంటే పక్కింటావిడ పైకి తీసి, ఇదేందమ్మా అని అడిగింది. నీలి గళ్ల పీలిక, నడిమధ్యన సుత్తి నూనె మరక. దొంగ అన్నీ తీసుకుని దాన్ని ఒక్కదాన్నే వదిలిపెట్టాడు. అక్క నా వైపు చూడకుండానే దాన్ని తీసుకుని నడుములో దోపుకుంది.

"సొమ్ములు తుడిసే గుడ్డలే," అంది.

జనం పోయాక నేను ఇంటికి పోయి కాగులో చెయ్యి పెట్టి వడ్డాణం తీశాను. బండలు దాటి వెనక వాకిలి నుంచి ఆమె వంటింట్లోకి పోయాను. ఆమె పొయ్యి ముట్టిస్తోంది. వడ్డాణాన్ని ఆమె ఒళ్లో పెట్టి, ఆ గుడ్డ నాదే అక్కా అన్నాను.

"తెల్సు. మీ పుట్టినింటోళ్ల చీరది గదా. పీటెక్కి సూసినప్పుడే తెల్సు."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది.

"సెప్పింటే మీ బావ నీ మొగుని మీదికి పోయుండు. నిన్ను పుట్టినింటికి పంపిందురు. ఇప్పుడు బండలే గదా ఉండేది, ఆడ గోడ లేసుండు."

ఆ గుట్టు దాచడానికే ఆమె మంచి గంటను కొలిమిలో వేయనిచ్చింది. గంట లేకపోబట్టే ఆమె తల్లి సొమ్ములు పోయాయి. ఇదంతా ఆమె నోటితో అనలేదు, నేనే లెక్క కట్టుకుంటూ నిలబడ్డాను. వడ్డాణం ఉంచుకో అక్కా, ఇది నీదే అన్నాను. ఆమె దాన్ని తీసుకుని, సందుల్లో ఇరుక్కున్న కొర్రగింజలు ఒక్కొక్కటే గోటితో తీసింది. మొదటిరోజు అత్త ముందు తుడిచినట్టే కొంగుతో తుడిచింది. తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఈడ గంట లేదు గదమ్మే. నీకాడ్నే ఉండనీ."

దెప్పిపొడుపుగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆమె మామూలుగానే అని, సంగటికి ఎసరు పెట్టింది. వడ్డాణం కొంగు కింద పెట్టుకుని ఇంటికి వచ్చాను. అక్క మీద అంత కుళ్లు నాకు ముందూ లేదు, ఆ తర్వాతా పుట్టలేదు. కాసేపటికి ఆమె బండల మీదుగా మాకు నాలుగు ముద్దల సంగటి పంపింది. ఉండలు కట్టకుండా ఎప్పటిలాగే వెన్నలా ఉంది. అత్త, మా ఆయన తిన్నారు. నాకు ముద్ద దిగలేదు.