తీగ మీద లేని స్వరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలు ముట్టుకోకూడని వస్తువులు రెండే ఉండేవి. ఒకటి కరెంటు ఇస్త్రీపెట్టె, రెండోది చెల్లో తీగలు బిగించే బిరడాలు. ఇస్త్రీపెట్టె జోలికి ఎందుకు వెళ్లకూడదో అమ్మ చెప్పింది. బిరడాల సంగతి ఎవరూ చెప్పలేదు. మా పెద్దమావయ్య వద్దన్నాడు, అంతే.

మావయ్య మా అమ్మకు అన్నయ్య. విజయనగరం వైపు నుంచి భిలాయి ఉక్కు ప్లాంటుకు ఇంజనీరుగా వచ్చి, పెళ్లి చేసుకోకుండా మరోదా సెక్టారులోని మా క్వార్టర్‌లోనే ఉండేవాడు. ఆయనతో కలిసి పనిచేసిన ఒక రష్యన్ ఇంజనీరు తన దేశానికి వెళ్లిపోతూ చెల్లోను ఆయనకు ఇచ్చేశాడు. వయొలిన్‌ను మనిషంత చేసి, నేలకు ఆనించి, మోకాళ్ల మధ్య పట్టుకుంటే అదే చెల్లో. నాలుగు తీగలు, ఒక కమాను. ఆ రష్యన్ దగ్గర మావయ్య కొన్నేళ్లు నేర్చుకున్నాడు. ఆదివారాలు చర్చిలో కీర్తనలకు వాయించేవాడు. నాకూ, పక్కింటి అక్కకూ నేర్పేవాడు.

నేర్పడమంటే ఆయన పక్కన చెక్క స్కేలు పట్టుకుని కూర్చోవడం. తప్పు చోట పడ్డ వేలి మీద స్కేలు అంచు పడేది. నా వేళ్లను ఆయన పట్టకార్లు అనేవాడు. ఎవరైనా ఇంటికి వస్తే నన్ను పిలిచి, "ఏదీ, మీ అంకుల్‌కి పట్టకార్లు చూపించు" అనేవాడు. నేను రెండు చేతులూ చాపి చూపించేదాన్ని. వచ్చినవాళ్లు నవ్వేవారు.

ఒక మే నెలలో, ఊరికే తెలుసుకోవాలని, ఒక బిరడాను కాస్త తిప్పాను. తీగ మూలిగింది. మావయ్య అరవలేదు, కొట్టలేదు. నాచేత చెప్పులు విప్పించి, నన్ను పెరట్లో సిమెంటు గచ్చు మీద నిలబెట్టాడు. "తీగ మళ్లీ శ్రుతి చేస్తాను. అయ్యాక రా" అన్నాడు. మిట్టమధ్యాహ్నం. భిలాయిలో మే నెల గచ్చు ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. లోపల కూలర్ పక్కన కూర్చుని ఆయన తీరిగ్గా శ్రుతి చేసుకున్నాడు. ఆ తరువాత ఒక కీర్తన మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా వాయించుకున్నాడు. నాకు అంతా వినిపిస్తూనే ఉంది. ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడి విన్నాను. సాయంత్రం అమ్మ నా అరికాళ్లకు కొబ్బరినూనె రాసింది గాని అన్నయ్యను ఒక్క మాట అనలేకపోయింది.

మరుసటి ఏడాది మావయ్యకు బదిలీ అయింది. చెల్లోను వెంట తీసుకెళ్లడం కుదరదన్నాడు. అది నాకే వస్తుందని అమ్మా నేనూ అనుకున్నాం. దాన్ని రోజూ తుడిచేదాన్ని నేను. వడగాలికి చెక్క పగలకుండా పక్కన తడిగుడ్డ వేలాడదీసేదాన్ని కూడా నేనే. అక్క ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్లిపోయేది. అయినా మావయ్య మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, తను చేత్తో కాపీ చేసిన ఒక స్వరాల పేజీ ఇచ్చాడు. గీతల మీద ఒక్కో చుక్క ఒక్కో స్వరం. వెళ్లేముందు వచ్చే ఆదివారం చర్చి హాల్లో దాన్ని ఆఖరి చుక్క దాకా ఎవరు వాయిస్తే చెల్లో వాళ్లది.

అది ఆ రష్యన్ ఒక్కడే కూర్చుని వాయించుకునే సంగీతం. పియానో తోడు లేదు. ఒక్క మనిషే ఇద్దరు ముగ్గురి పని చేయాలి. కుడిచేతి కమాను ఒక తీగను పాడిస్తుంటే, ఎడమచేతి చిటికెనవేలు ఇంకో తీగను మీటాలి. కొన్నిచోట్ల బొటనవేలిని రెండు తీగల మీద అడ్డంగా నొక్కిపెట్టి, అలా నొక్కిపెట్టే పైకీ కిందికీ జరపాలి. చర్మం లేచిపోతుంది. ఇంకొన్నిచోట్ల తీగను నొక్కకుండా ఈకలా తాకితేనే స్వరం పలుకుతుంది, వెంట్రుకవాసి తప్పితే కీచుమంటుంది. నేను అవన్నీ ఒక్కొక్కటే పట్టుకున్నాను. బొటనవేలు పుండైతే గుడ్డ కట్టుకుని, గుడ్డ జారుతోందని విప్పేసి, మళ్లీ వాయించాను.

ఆఖరి చుక్క దగ్గర ఆగిపోయాను. చెల్లోలో అన్నిటికంటే కింది తీగను ఏ వేలూ పెట్టకుండా లాగితే వచ్చేదే దాని అట్టడుగు స్వరం. పేజీలోని ఆఖరి చుక్క దానికంటే ఒక మెట్టు కింద ఉంది. తీగ మీద వేలు ఎక్కడ పెట్టినా స్వరం పైకి పోతుందే తప్ప కిందికి రాదు.

"మావయ్యా, ఇది దీని మీద లేదు" అన్నాను.

"పేజీలో ఉంది కదా?"

"ఉంది."

"ఉంటే వెతుకు."

వెతికాను. కమానును తీగ చివరకంటా జరిపి చూశాను, బరువంతా వేసి లాగి చూశాను. అదే స్వరాన్ని ఒక స్థాయి పైన వాయిస్తే స్కేలు పడింది. తప్పు నా వేళ్లదే అనుకున్నాను. పట్టకార్లు కదా. ఆ వారమంతా అన్నం కలుపుకుంటే బొటనవేలు మండి, అమ్మ ముద్దలు చేసి పెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలూ పిల్లలూ హాల్లో ఆగారు. నేను ముందు వాయించాను. అంత బాగా అంతకుముందు వాయించలేదు, తరువాతా వాయించలేదు. బొటనవేలి చోట్లు, చిటికెనవేలి చోట్లు, ఈకలా తాకే చోట్లు, ఒక్కటీ తప్పలేదు. ఆఖరి చుక్క దగ్గర కమాను గాల్లో ఆగిపోయింది.

"ఆఖరిదేదే?" అన్నాడు మావయ్య.

"లేదు మావయ్యా."

"లేదంట" అని ఆయన అందరి వైపూ తిరిగాడు. "అంతా తినీసి, బిల్లు దగ్గర జేబులు తడుముకున్నట్టుంది." నవ్వారు. నేను లేచి కమాను అక్కకు ఇచ్చాను.

అక్క వాయించింది వినడానికే కష్టంగా ఉంది. సగం స్వరాలు మింగేసింది, కొన్ని కీచుమన్నాయి. ఒకచోట "అరే" అని పైకే అనేసి దాటేసింది. ఆఖరి చుక్క దగ్గర తనూ ఆగింది. ఆగి, చెయ్యి పైకెత్తి, కింది తీగ బిరడా పట్టుకుంది.

"వద్దక్కా!" అని నేను అరిచాను. నా అరికాళ్లు నిజంగానే మండాయి.

అక్క తిప్పింది. తీగ మూలిగింది. వేలితో మీటి విన్నది, ఇంకాస్త వదులు చేసింది, కమాను వేసి లాగింది. ఆ స్వరం మేం కూర్చున్న బెంచీల్లోంచి వచ్చినట్టు వచ్చింది. కిటికీ అద్దం సన్నగా వణికింది.

"చెల్లో ఈవిడది" అన్నాడు మావయ్య.

అమ్మ జీవితంలో ఆయనకు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. "అదేటన్నయ్యా! ముట్టుకోవద్దన్నది నువ్వే కదా? అప్పుడు దీని కాళ్లు కాల్చీసావు కదా?"

"అన్నాను. అయితే ఏటి?" ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ రష్యనూ అక్కడ ఆగి తీగ వదులు చేసేవాడు. అతని పేజీ మీద రాసుంది కూడా. నేను కాపీ చేసినప్పుడు ఆ ముక్క వదిలీసాను. మీ అమ్మాయి వేళ్లు అరగదీసుకుంది గాని, ఎందుకు వద్దన్నావని ఒక్కసారి అడిగిందా?"

అడిగి ఉంటే చెప్పేవాడా? ఇన్నేళ్లు ఆలోచించాను. చెప్పేవాడు కాదు. ఇంకోసారి గచ్చు మీద నిలబెట్టేవాడు.

ఇంటికి వస్తూ దారిలో అక్కను అడిగాను, నీకు భయం వేయలేదా అని. అక్క ఇక్కడే పుట్టింది. తన నోట్లో హిందీ, తెలుగు కలిసే వచ్చేవి. "ఎందుకు వెయ్యదే? తీగ తెగితే మావయ్య పీట్ దేగా, కొడతాడు, బస్. నీలాగ నేనూ నిలబడతాను, ఇంకేటి?" అంది. నేను గచ్చు మీద నిలబడిందీ, ఇంకా బతికి ఉన్నదీ అక్క చూసింది. నేను మాత్రం ఆ గచ్చు దగ్గరే ఆగిపోయాను.

మావయ్య వెళ్లిపోయాడు. అక్క ఇంట్లో తడిగుడ్డ వేలాడదీసేవాళ్లు లేరు. ఆ వచ్చే వేసవిలోనే చెల్లో పొట్ట పైనుంచి కింది దాకా పగిలింది. మావయ్యకు ఆ సంగతి రాస్తే, "దాని చెల్లో, దానిష్టం" అని జవాబు వచ్చింది. నేను డైరీ రాయడం ఆ ఏడాదే మొదలుపెట్టాను. అప్పటి పేజీల్లో ఎండ ఎంత ఉందో ఉంటుంది, ఏం వండుకున్నామో ఉంటుంది. చెల్లో మాట ఎక్కడా లేదు.

ఈమధ్య మా మనవరాలు ఫోన్లో ఎవరో చెల్లో వాయిస్తుంటే తెచ్చి చూపించింది. "మామ్మా, దీనిలో సబ్‌సే కఠిన్ ఏటి?" అని, అన్నిటికంటే కష్టమేదో అడిగింది. తెర మీద బొటనవేలు తీగల మీద పరుగెడుతోంది. బొటనవేలు కష్టమే, చిటికెనవేలూ కష్టమే అని చెప్పాను. కాని నేను వాటిని చూడటం లేదు. వాయించేవాళ్ల చెయ్యి బిరడా మీదికి వెళుతుందేమోనని చూస్తున్నాను.

ప్లాంటు పరీక్షశాలలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకింద పనిచేసినవాళ్లకు దేన్నైనా ముట్టుకోవద్దంటే ఎందుకో కూడా చెప్పాను. పైవాళ్లు నాకు వద్దని చెబితే ఎందుకని అడిగాను. దానికి నా మీద కోపాలు వచ్చాయి, నా పదోన్నతి ఒకసారి ఆగింది. మావయ్యకు నేను కృతజ్ఞురాలిని కాను. ఆయన నేర్పాలనుకున్నది ఇదేనని కూడా నేను నమ్మను. అయినా ఈనాటికీ ఎవరైనా గట్టిగా వద్దంటే ముందు నా అరికాళ్లు మండుతాయి. ఆ మంట తగ్గేదాకా నిలబడి, అప్పుడు ఎందుకని అడుగుతాను.