కిక్కురుమనకు సిస్టర్

కాన్పుల వార్డులో ముప్పై నాలుగేళ్ళు చాకిరీ చేసిన ఆ సిస్టర్‌కు అసలు పేరొకటి ఉండేదని ఆస్పత్రిలో ఎవరికీ గుర్తు లేదు. నొప్పులతో మెలికలు తిరిగే ఆడవాళ్ళ ముందు నడుం మీద చేతులేసుకు నిలబడి, "కిక్కురుమనకు! లోకంలో నువ్వొక్కదానివేనా కనేది?" అని గదమాయించేది. చివరికి ఆ మాటే ఆవిడకు పేరై కూర్చుంది. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అడ్డం తిరిగిన బిడ్డలు కూడా ఆవిడ గొంతు వింటే దారికొస్తారని డాక్టర్లే నవ్వేవారు.

పన్నెండు గంటలు నిలబడ్డా తన నడుం నొప్పి అని ఆవిడ ఏనాడూ అనలేదు. ఆ గుట్టంతా జేబులోని చిన్న డబ్బాలో ఉంది. పైకది తలనొప్పి బామ్ డబ్బా, లోపల ముక్కుపొడుం. గంటకోసారి మందుల గదిలో దూరి, చిటికెడు ఎక్కించి, ముక్కు తుడుచుకుంటూ వచ్చి, "పాడు జలుబు" అనేది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి ఈవిడే పాఠం చెప్పి ఉంటుంది.

రిటైరైన మూడో ఏడు స్నానాల గదిలో జారి, తుంటి విరగ్గొట్టుకుని, అదే ఆస్పత్రికి రోగిగా వచ్చింది. ఒకప్పుడు ఆవిడ చేత మొట్టికాయలు తిన్న ట్రైనీయే ఇప్పుడు వార్డు ఇన్‌ఛార్జి. ఫారం పట్టుకొచ్చి అడిగింది.

"పొగాకు అలవాటేమైనా ఉందా అమ్మా?"

"నన్నే అడుగుతావుటే? లేదని రాయి!"

ఆపరేషన్ బాగానే జరిగింది. డబ్బా మాత్రం మంచం పక్క గూట్లో చేతికందకుండా ఉండిపోయింది. రెండో రోజుకు నొప్పి తారస్థాయికి చేరింది. అందరికీ సరిపోయే సూది ఈవిడకు చాలడం లేదు. అరుద్దామా అంటే ఇన్నేళ్ళ పరువు! దుప్పటి కొస నోట్లో కుక్కుకుంది. మధ్యాహ్నానికి దుప్పటి కూడా ఓడిపోయింది.

"అమ్మో!" అన్న కేక వరండా దాకా వినబడింది.

పక్క మంచం మీద మోచెయ్యి విరిగినావిడ జాలిపడి లేచింది. "బామ్ రాస్తానుండండి సిస్టర్" అంటూ డబ్బా తీసి, ఒంటిచేత్తో రాక, మూతను పళ్ళతో లాగింది. "వద్దే!" అని సిస్టర్ అరిచేలోపే తుమ్ములు మొదలయ్యాయి. ఏడో తుమ్ముకు ఇన్‌ఛార్జి పరుగెత్తుకొచ్చి, పొడి వాసన చూసి, నుదురు కొట్టుకుంది.

"ఏళ్ళ తరబడి ఇది పీలిస్తే, నొప్పిని అణచడానికి మెదడు సొంతంగా చేసుకునే ఏర్పాటే మారిపోతుందమ్మా. మన సూది పనిచేయాల్సిందీ అక్కడే. పైగా ఒక్కసారిగా మానేస్తే నొప్పి ఇంకా పొడుస్తుంది. ముందే చెప్పుంటే డాక్టర్‌గారు మోతాదు చూసుకునేవారు కదా!"

"చెబితే పరువు పోదుటే?" అని మూలిగింది సిస్టర్.

పక్క మంచమావిడ ముక్కు తుడుచుకుంది. "కిక్కురుమనకండి. లోకంలో మీరొక్కరేనా తుంటి విరగ్గొట్టుకున్నది? ఇరవై రెండేళ్ళ కిందట, నా మొదటి కాన్పులో మీరన్న మాటే!"

వార్డంతా గొల్లుమంది. సిస్టర్‌కూ నవ్వొచ్చింది. నవ్వితే తుంటి కలుక్కుమని మళ్ళీ కేకేసింది.

డాక్టర్ మందు మార్చి, అలవాటును నిదానంగా తగ్గించే పట్టీ ఒకటి భుజానికి అంటించాడు. సాయంత్రానికి నొప్పి దిగింది. నొప్పి పోయిన చోట సిగ్గు వచ్చి కూర్చుంది. సిస్టర్ పక్క మంచం వైపు తల తిప్పింది.

"ఆ రోజు నీకు బాగా నొప్పేసిందా?"

"ఇన్నాళ్ళకు అడిగారా!" అంటూ ఆవిడ ఇటు తిరిగి పడుకుని, మొదటి నొప్పి దగ్గర్నుంచి మొదలుపెట్టి, అన్నాలొచ్చేదాకా చెప్పింది. సిస్టర్ కిక్కురుమనకుండా వింది.