అమ్మ ఖాతాలో పడ్డ అయిదు వందలు

మా అమ్మ ఆర్మూర్‌లో ఒక పసుపు కమీషన్ దుకాణంలో కూలి. రైతులు తెచ్చి పోసిన కుప్పల ముందు కూర్చుని పొడుగు కొమ్ములు ఒకవైపు, గుండ్రటి దుంపలైన గోళాలు ఒకవైపు ఏరడం ఆమె పని. బాపు అదే దుకాణంలో హమాలీ. కరోనా వచ్చిన ఏడాది నేను డిగ్రీ చదువుతున్నాను. సరిగ్గా పసుపు మార్కెట్‌కు వచ్చే కాలంలోనే లాక్‌డౌన్ పెట్టారు. వేల్పూర్, జక్రాన్‌పల్లి వైపు నుంచి వచ్చే ట్రాక్టర్లు ఆగిపోయాయి. సేటు షట్టర్ దించేశాడు. ఆ సీజన్‌లో దొరికే కూలితోనే మాకు ఏడాదంతా గడిచేది.

రేషన్ బియ్యం ఇచ్చారు కాబట్టి అన్నానికి లోటు లేదు. కానీ నూనె, పప్పు, బాపు బీపీ గోళీలు డబ్బు పెడితేగానీ రావు. చాయ్ అయితే ఇంట్లో మానేశాం. అప్పుడే తెలిసింది, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు మూడు నెలల పాటు నెలకు అయిదు వందలు వేస్తారని. అమ్మకు ఎప్పుడో బ్యాంకు వాళ్లు మా గల్లీకి వచ్చి తీసిన ఖాతా ఒకటుంది. అందులో ఒక్క రూపాయి వేసింది లేదు, తీసింది లేదు.

ఒక పొద్దున ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. “అమ్మా, నీకు పైసలు పడ్డయే” అన్నాను.

“నాకా? మీ బాపుకు కాదా?”

“నీకే. నీ పేరు మీదనే.”

ఆమెకు చదువు రాదు. అయినా ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ మెసేజ్‌ను చాలాసేపు చూసింది.

ఖాతా నంబర్ చివరి అంకెను బట్టి ఎవరు ఏ రోజు రావాలో చెప్పారు. అమ్మ వంతు వచ్చిన రోజు పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుంది. ఇద్దరం మా గల్లీ చివరి మినీ బ్యాంకుకు పోయాం. అక్కడ వేలిముద్ర పెడితే డబ్బులిస్తారు. అమ్మ ఒక్కో వేలూ పెట్టి చూసింది. మెషీన్ దేన్నీ తీసుకోలేదు.

“నీ వేళ్లకు గీతలే లేవమ్మా. నిమ్మకాయతోని కడుక్కొని రేపు రా” అన్నాడు మెషీన్ దగ్గరి అతను.

మర్నాడు నిమ్మకాయతో, చింతపండుతో తోముకుని పోయింది. అప్పుడూ రాలేదు. వెనుక లైన్లో వాళ్లు జరగమని అరిచారు.

ఇంటికొచ్చాక బాపు, “పోనియ్యి, ఎట్లనన్న ఎల్లదీద్దాం” అన్నాడు.

“ఎందుకు పోనియ్యాలె? సర్కారు నాకని పంపింది. నేను పోయి తెచ్చుకుంట” అంది అమ్మ.

ఆ మర్నాడు నేరుగా బ్యాంకుకే నడిచాం. దూరందూరంగా ముగ్గుతో గీసిన వలయాల్లో జనం నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. “గీ అయిదు వందలకు బ్యాంకు లోపలికి రావద్దు. మినీ బ్యాంకుల తీసుకోండ్రి.”

“ఆడ నా వేళ్లు అరిగినయని పొమ్మన్నరు. గీడ నువ్వు రావద్దంటున్నవ్. మరి నా పైసలు నేను ఏడ తీసుకోవాలె బిడ్డా?”

అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. భయమేసి ఆమె చెయ్యి పట్టి లాగాను. ఆమె కదల్లేదు. ఆ మాటలు విని లోపల్నుంచి ఒక మేడం తలుపు దాకా వచ్చింది. అమ్మ రెండు చేతులూ ఆమె ముందు చాపింది.

“చూడుండ్రి మేడం. పసుపు ఏరి ఏరి గిట్లయినయి. వేళ్లు అరిగినయి గని మనిషిని నేనే కదా. బుక్కుల నా ఫొటో ఉన్నది.”

ఆ మేడం పాస్‌బుక్ తెరిచి ఫొటో చూసింది. “మూతికి కట్టింది ఒక్కసారి దించమ్మా” అంది. అమ్మ కొంగు దించింది. మేడం ఆమెను లోపలికి పిలిచి, చీటీ మీద సిరాతో బొటనవేలు ముద్ర వేయించి, పక్కన తాను సంతకం పెట్టింది. అమ్మ అయిదు వందల నోటు పట్టుకుని బయటికొచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వచ్చే దారిలో నూనె, పప్పు, బాపు గోళీలతో పాటు చాయపత్తి కూడా కొంది. ఇంటికి పోయాక చాయ్ తాగి ఊరుకోలేదు. ఆమెతో పాటు పసుపు ఏరే ఆడవాళ్లలో చాలామందికి మెషీన్ అట్లాగే మొరాయిస్తే, ఆశ వదిలేసుకుని ఇళ్లల్లో కూర్చున్నారు. అమ్మ వాళ్ల గడపగడపకూ పోయింది. “బుక్కు తీసుకొని నాతోని రాండ్రి. ఎట్ల ఇయ్యరో చూద్దాం” అంది.

వాళ్లను వెంటబెట్టుకుని పోతే అదే గార్డు, “మల్ల వచ్చినవా?” అన్నాడు.

“నాకు కాదు. వీళ్లకు.”

అతను నవ్వి పక్కకు జరిగాడు. ఆ రోజు ఒక్కరూ ఉత్త చేతులతో తిరిగి రాలేదు. బాపు వాకిట్లో నిలబడి వచ్చేపోయే వాళ్లందరికీ ఆ సంగతి చెప్పాడు. తానే గెలిచి వచ్చినట్టు చెప్పాడు.

తర్వాత మార్కెట్ తెరిచారు. అమ్మ మళ్లీ కుప్పల ముందు కూర్చుంది. కానీ మా గల్లీలో పింఛనుకో, ఇంకో డబ్బుకో బ్యాంకుకు పోవాల్సి వస్తే ఇప్పటికీ, “అక్కా, జర తోడు రారాదే” అని ముందు మా ఇంటికే వస్తారు. మొన్న నేను ఇప్పుడుంటున్న నిజామాబాద్ నుంచి పోయేసరికి ఇంటికి తాళం ఉంది. అమ్మ ఎవరో ముసలామెను బ్యాంకుకు తీసుకుపోయిందని పక్కింటామె చెప్పింది. ఎండలో అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. ఆమె కూతురిని కావడం నాకు ఎంత గొప్పో ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. చెబితే, “గిందుల ఏమున్నదే?” అంటుంది.