బొట్టు పెట్టుకున్న సర్వర్

2005, దసరా వెళ్లిన వారం. రాజమండ్రిలో నాలుగైదు సంస్థల డేటాబేస్‌లు చూసుకుంటున్న నాకు ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. రోగుల వివరాలు దాచే సర్వర్‌కు హైదరాబాదు కంపెనీ ఒకటి సెక్యూరిటీ స్కాన్ చేసింది. స్కాన్ అంటే మరేం లేదు, బయటినుంచి సర్వర్ తలుపులన్నీ తట్టి, దేనికి గడియ పడలేదో రాసుకునే ప్రోగ్రాము. రిపోర్టులో నలభై ఒక్క లోపాలు, అన్నీ ఎర్ర అక్షరాల్లోనే.

సర్వర్ బాధ్యత చూసే సత్యవతి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పోయిన నెలే ప్యాచ్‌లన్నీ వేశానండి. సాయంత్రంలోగా సమాధానం చెప్పకపోతే ఈ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నారు మా ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు."

ప్యాచ్ అంటే లోపాలు పూడ్చడానికి తయారీదారులు పంపే మరమ్మతు. నిజం చెప్పొద్దూ, వెయ్యకుండానే వేశానంటున్నారేమో అనుకున్నాను. తీరా సర్వర్ ముందు కూర్చుంటే అన్నీ వేసే ఉన్నాయి. రిపోర్టేమో ఒక్కటీ లేదంటుంది. సర్వర్ పేరూ అదే, డేటాబేసూ అదే. గంటసేపు జుట్టు పీక్కున్నాను, అసలే ఉన్నది తక్కువ.

చివరికి, ఎవరూ తిప్పని ఆఖరి పేజీలో ఐపీ అడ్రస్ కనిపించింది. నెట్‌వర్క్‌లో అది మిషనుకు ఇంటి నంబరు లాంటిది. మా సర్వర్ అడ్రస్ చివర పదకొండు, అక్కడున్నదాని చివర పది.

"పది ఎవరిదండీ?"

"పాత సర్వర్‌దండి. దాన్ని ఆపేసి ఏడాదైంది. దాని పేరే కొత్తదానికి పెట్టాం."

స్టోరు గది తలుపు తీశాం. మూలన పాత సర్వర్ నిక్షేపంగా నడుస్తోంది. ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు, పైన వాడిన బంతిపూల దండ.

రిటైర్మెంటు దగ్గరపడిన అటెండరు అప్పారావు గారు చేతులు నలుపుకున్నారు.

"ఆయుధ పూజనాడు నేనే ఆన్ చేశానండి. అన్నేళ్లు పనిచేసిన మిషను కదండీ, లైట్లు వెలగకుండా బొట్టెట్టడానికి మనసొప్పలేదు. ఆపడం మర్చిపోయానండి."

సత్యవతి గారు కుర్చీలో కూలబడి పడీపడీ నవ్వారు. హైదరాబాదు వాళ్ల దగ్గరున్నది నిరుటి అడ్రస్‌ల జాబితా అని ఫోన్లో తేలింది. కొత్త అడ్రస్‌తో మళ్లీ స్కాన్ చేయించాం. ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు.

"ఇంకేమమ్మా, నీ పని నీదే," అన్నారు డాక్టరు గారు. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

వెళ్తూ వెళ్తూ, ముందు మిమ్మల్నే అనుమానించానని సత్యవతి గారి దగ్గర ఒప్పేసుకున్నాను.

"తెలుసండి. అందుకే కాఫీ ఇవ్వలేదు," అని, అప్పుడు తెప్పించారు.

రిపోర్టు ఏమంటోందో చదివే ముందు ఎవరి గురించి అంటోందో చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. మనిషి మాట కూడా వినాలని ఆ కాఫీతో నేర్చుకున్నాను. మరుసటి దసరా పూజకు నన్నూ పిలిచారు. అప్పారావు గారు పాత సర్వర్‌కు దణ్ణం పెట్టి, నెట్‌వర్క్ తీగ పీకి నాకు చూపించి, అప్పుడు ఆన్ చేశారు.