మాడిన కోవా వాసన

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఒత్తులు తప్పుతాయి, గీతలు లేని కాగితం మీద నా అక్షరాలు కిందికి జారిపోతాయి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మా అత్తమ్మ పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకుంది. పాలు పొంగేలోపే పోయింది. పేపర్లో ఫొటో వేయించేంత పెద్దమనిషి కాదు. అందుకే నేనైనా రాయాలనిపించింది. ఎవరి పేర్లూ మాత్రం రాయను. భయం.

మాది పాత పట్నం గౌలిపురలో పాలు, కోవా అమ్ముకునే ఇల్లు. అత్తమ్మ నాలుక సంగతి గల్లీ అంతా చెప్పుకునేది. ఒక్క చుక్క పాలు నాలుక మీద పెట్టుకుని, బర్రె ఏం మేసిందో చెప్పేది. చెప్పింది తప్పయితే, "బర్రె అబద్ధమాడింది" అని నవ్వేది.

పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు అన్నిటికీ భయమే. బర్రెలంటే భయం, మామయ్య దగ్గితే భయం, గిన్నె చప్పుడైతే భయం. కోవా దించాక అత్తమ్మ గిన్నె అడుగు గీకి, ఎర్రగా మాడిన ముక్కను నా అరచేతిలో పెట్టేది. "మాడిందని పారేస్తే అడుగున ఉన్న రుచి ఎవలు చూడాలె పిల్లా?" అనేది. ఈ ఇంట్లో నేను మొదట భయం లేకుండా తిన్నది ఆ ముక్కే.

సీసాల భయం మాత్రం పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను. మా నాన్న తాగి వస్తుంటే చెప్పుల చప్పుడుకే అందరం దుప్పటి కప్పుకునేవాళ్లం. ఇక్కడ మామయ్య మందు ముట్టరని, ముట్టినవాళ్లను గడప ఎక్కనివ్వరని విన్నాకే పెళ్లికి తల ఊపాను. మా మరిది కొత్త పట్నం వైపు బీరు తయారుచేసే చోట పనికి కుదిరినప్పటి నుంచి మామయ్య అతనితో మాట్లాడడం మానేశారు. తండ్రి ఇంట్లో లేని వేళ చూసుకుని అతను తల్లి దగ్గరికి వచ్చి పోయేవాడు.

అత్తమ్మ పోవడానికి కొద్ది వారాల ముందు, అలా ఒక మధ్యాహ్నం వచ్చాడు. సంచిలోంచి తువ్వాలు చుట్టిన నల్ల సీసా తీశాడు.

"అమ్మా, నీ నాలుకతోని పని వడ్డది."

"ఏందిరా, బర్రెలు నల్లపాలిస్తున్నయా?"

"ఇంపీరియల్ స్టౌట్ అంటరు, గట్టి నల్ల బీరు. బార్లీని నల్లగ వేయించి కాస్తం. అటెంక విస్కీ పోసి తీసిన కట్టె పీపాల నెలలకు నెలలు పండవెడ్తం. కోకో, వనిల్లా, పాల చక్కెర గూడ వడ్తయి. మస్తు పైసలున్నోళ్లు బువ్వ తిన్నంక మిఠాయి లెక్క తాగుతరు."

"గట్లైతే కుబానీ మీఠా తినరాదా, ఏం రోగం?"

అంటూనే చిన్న స్టీలు గ్లాసు తెచ్చింది. అది నూనెలా చిక్కగా జారింది, పైన పాల టీ రంగు నురుగు. ముందు వేలు ముంచి నేల మీద అమ్మవారికి ఒక చుక్క వదిలింది. వాసన చూసింది. నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. నేను వాకిలి వైపే చూస్తున్నాను. వీధిలో ప్రతి బండీ మామయ్యదే అనిపించింది.

"కోవా అడుగు," అంది చివరికి. "గీకి తిన్నట్టే ఉంది. ఎనుకకు తడిసిన కట్టె వాసన. ఇంగువ ఏసిన్రా?"

"ఇంగువ ఎవడేస్తడే!" మరిది పడీపడీ నవ్వాడు.

"నేను వోయినంక విస్తట్ల మీరు గా తెల్లకోవానే పెడ్తరు. బతుకంతా చూసిందే అది, నేను ముట్ట. నాకు గీ నల్లది పెట్టాలె, యాది వెట్టుకోన్రి." తర్వాత గ్లాసు నా ముందుకు జరిపింది. "సూడు బిడ్డా."

"వద్దత్తమ్మా. మా నాయిన..."

"తాగుడు వేరు, రుచి సూసుడు వేరు. నీ భయం కాళ్లల్ల ఉండనీ, నాలుక మీదికి రానియ్యకు."

పెదవి తడిపాను. మొదట చేదు, తర్వాత బెల్లం పాకంలా తీపి, గొంతులో సన్నటి మంట. బాగుంది. నాన్న నోటి నుంచి వచ్చిన వాసనకు అన్నేళ్లు వణికినదాన్ని, నాకు అది బాగుంది. అంతకు మించిన భయం నా ఒంట్లో ఎప్పుడూ పుట్టలేదు. ఇంకో గుక్క తాగాను.

అప్పుడే గేటు గొళ్లెం చప్పుడైంది. మరిది పెరటి దారిన పోయాడు. సగం మిగిలిన సీసాను అత్తమ్మ బెల్లం డబ్బా వెనక్కి నెట్టింది. కానీ గదంతా ఆ వాసనే, నా నోరూ అదే వాసన. చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. అత్తమ్మ నన్నొకసారి చూసింది. పొయ్యి మీద కోవా దగ్గరపడుతోంది. మంట పెద్దది చేసి, తిప్పుతున్న గరిటెను తీసి పక్కన పెట్టేసింది.

ఏళ్ల తరబడి ఆమె చేతిలో అడుగు ఎర్రబడడమే తప్ప ఒక్క గిన్నె కూడా మాడిపోలేదు. మామయ్య వచ్చేసరికి ఇంటినిండా పొగ.

"ఏం వాసనది?"

"కోవా మాడింది."

"గిన్నెడు పాలు బుగ్గిపాలు జేసినవు గదనే! కండ్లు వోయినయా?"

"ఆ, వోయినయి. ముసల్దాన్నయిన," అంది అత్తమ్మ, తల వంచుకుని. ఎన్నడూ తల వంచని మనిషి. ఆమె ఆ తిట్లు తింటుంటే నేను పొగకు దగ్గుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

ఆమె పోయిన పదో రోజు, మా ఆయన చేత డాబా మీద విస్తరి వేయించాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. అన్నం, మాంసం, తెల్లటి కోవా పెట్టాం. కాకులు పిట్టగోడ మీద వాలి చూస్తూ కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"బర్రెలను మంచిగ చూస్కుంటనే," అన్నారు మామయ్య చేతులు జోడించి. దిగలేదు. "నా బిడ్డ పెండ్లి నీ పేరు మీద జేస్త," అంది ఆడబిడ్డ. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. మామయ్య విస్తరిని ఇంకొంచెం ముందుకు జరిపారు. "ఏం గావాల్నే నీకు? చెప్పరాదా?"

మూలన నిలబడిన మరిది నా వైపు చూశాడు. మందు మాట అతని నోటి నుంచి వస్తే, తల్లి కర్మ నుంచే గెంటేస్తారు. నా నోటి నుంచి వస్తే? నన్ను మళ్లీ ఆ చెప్పుల చప్పుడు ఇంటికి పంపిస్తారేమో. మెట్లు దిగాను. బెల్లం డబ్బా వెనక చెయ్యి పెట్టాను. నురుగు చచ్చిపోయి ఉంది, వాసన మాత్రం పోలేదు. ఆమె గ్లాసులోనే పోసి, కొంగు కప్పి పైకి తెచ్చి విస్తరి పక్కన పెట్టాను.

"గదేంది నల్లగ? వదినా, డికాషన్ తెచ్చినవా? మా అమ్మ చాయ్ గూడ తాగకపోతుండె!" అంది ఆడబిడ్డ.

మామయ్య వంగి గ్లాసు ఎత్తి వాసన చూశారు. చాలాసేపు చూశారు.

"మాడిన కోవా," అన్నారు. గ్లాసును నెమ్మదిగా కింద పెట్టి, "దానికి ఇష్టమే," అన్నారు.

మేం నాలుగడుగులు వెనక్కి జరిగామో లేదో ఒక కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు. గ్లాసులో ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది.

ఆ తర్వాత మామయ్య నాతో ఆ మాట ఎత్తలేదు. ఆయన ఎందుకు ఊరుకున్నారో నాకు తెలియదు. నేను అన్నం వడ్డిస్తుంటే ఆయన ఒక్కోసారి తలెత్తుతారు, ఇప్పుడు అడుగుతారేమోనని నా చేతిలో గరిటె ఆగిపోతుంది.

ఇది అచ్చు వేస్తే వేయండి. ఈ చేతిరాత కాగితం మాత్రం కాల్చేయండి. "కోవా ఉంది", "కోవా అయిపోయింది" అని కొట్టు ముందు పలక మీద రోజూ రాసేది నేనే. నా అక్షరాలు మామయ్యకు బాగా తెలుసు. ఆ రోజు కాకి ఎగిరిపోయే ముందు తన ముక్కును పిట్టగోడకు అటొకసారి, ఇటొకసారి రుద్దుకుంది. ఆ నల్లమరక ఇంకా ఉంది. రోజూ తడిగుడ్డ పట్టుకుని డాబా ఎక్కుతాను, తుడవకుండానే దిగుతాను. అది అక్కడ ఉంటే చాలు. ఈ కాగితం ఉండొద్దు, కాల్చేయండి.