ప్రసన్న చూసిపోయిన ఇల్లు

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. ఆత్మకూరులో మా వీధి చివర చింతచెట్టు కింద ఏదో తిరుగుతుందని అందరూ చుట్టుదారిన పోతుంటే, నేను మాత్రం దగ్గరి దారి కదా అని దాని కిందనుంచే సైకిల్ తోసుకుంటూ వచ్చేవాణ్ణి. ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఈ ఒక్క సంగతే నాకు లొంగడం లేదు.

నేను హైదరాబాదులో ఒక మందుల గోడౌన్లో పనిచేస్తాను. అప్పట్లో హాస్టల్లో ఉండేవాణ్ణి. నా భార్య ప్రసన్న, నాలుగేళ్ల మా పాప ఉదయగిరి దగ్గర పల్లెలో మా అత్తగారింట్లో ఉండేవాళ్లు. ప్రసన్న నాకు సొంత మేనమామ కూతురు.

ఆ పల్లెలో బోరు నీళ్లు మంచివి కావు. ఫ్లోరైడ్. మా మామకు వయసులోనే నడుము వంగిపోయింది. ప్రసన్న పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవి. అందుకే నవ్వు వస్తే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మా పెళ్లి ఫోటోలు మొత్తం తిరగేసినా తన పళ్లు ఒక్కదాంట్లోనూ కనపడవు.

పాపకు పాలపళ్లు తెల్లగానే వచ్చాయి. అయితే ఊళ్లో వైద్య శిబిరానికి వచ్చిన డాక్టరమ్మ, అసలు పళ్లు చిగుళ్ల లోపల ఇప్పుడే తయారవుతుంటాయి, నీళ్లు మార్చేదుంటే ఈ వయసులోనే మార్చమని చెప్పిందట. ఆ రోజు నుంచి ప్రసన్నకు ఒకటే ధ్యాస. క్యాన్ నీళ్లు కొని తాపేది గానీ, ఆటల్లో పిల్ల ఎవరింట్లో ఏం తాగొస్తుందో ఎవరికి తెలుసు.

"బావా, ఇల్లు ఇరుగ్గా ఉన్నా సర్దుకుంటా. ముందు కుళాయి తిప్పి నీళ్లు తాగి చూడు. బాడుగ సంగతి ఆ తరవాత" అనేది ఫోన్లో.

సెలవు దొరికితే చాలు, టు-లెట్ బోర్డుల వెంట తిరిగేవాణ్ణి. బ్యాచిలర్లకు ఇవ్వమనేవాళ్లు. ఫ్యామిలీ ఉందంటే, ఏదీ చూపించమనేవాళ్లు, నేనేదో భార్యను జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు. కొందరు కులం అడిగారు. కొందరు చేపలు వండుతారా అని అడిగారు. నెల్లూరోణ్ణి, ఏం చెప్పను? అద్దె అందుబాటులో ఉన్నచోట బోరు, ట్యాంకర్లు. కుళాయికి మంజీరా నది నీళ్లు వచ్చేచోట అద్దె వింటేనే గొంతు తడారిపోయేది. చివరికి ఇంతకంటే పెట్టలేమని మేమిద్దరం ఫోన్లో ఒక అంకె అనుకున్నాం. ఆ అంకె మూడో మనిషికి తెలియదు.

ఒక ఆదివారం మియాపూర్ వైపు ఒక సందులో, రెండో అంతస్తుకు బోర్డు కనపడింది. ఇంటికి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఓనరమ్మ పెళ్లికి పోయిందట. మంజీరా నీళ్లేనంది. అద్దె మాత్రం మా అంకెను దాటిపోయింది. నా పేరు చెప్పి, వచ్చే ఆదివారం వచ్చి చూస్తానన్నాను. బోర్డు ఫోటో తీసి ప్రసన్నకు పంపాను. తగ్గిస్తారేమో అడుగుదామంది.

ఆ ఆదివారం నేను వెళ్లలేదు. ప్రసన్నకు జ్వరమొచ్చింది. ఆత్మకూరులో డెంగీ అని తేల్చి నెల్లూరుకు పంపారు. గురువారం పొద్దున నేను ఆసుపత్రికి చేరేసరికి మాట లేకుండా పడి ఉంది. సెలైన్ పోతోంది. నోటిద్వారా ఏమీ ఇవ్వొద్దన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ నేను పక్కనే కూర్చుని ఉన్నాను. కళ్లు మూసుకునే ఉంది. గొంతు కదిలింది, గుక్కలు గుక్కలుగా తాగుతున్నట్టు.

"నీళ్లు బాగుండాయి బావా. తియ్యగా ఉండాయి."

నేను చుక్క నీళ్లు పోయలేదు. అది విన్న నర్సు, నీళ్లు ఇచ్చారా అని నన్ను కోప్పడింది. అంతలో ప్రసన్న సెలైన్ చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకోబోయింది. సూది జారిపోతుందని నర్సు ఆ చెయ్యి కిందికి దించింది. అంతే, మళ్లీ మాట లేదు. ఆ సాయంత్రమే పోయింది.

పెద్దకర్మ అయ్యాక మా అత్త, పిల్లను తీసుకుని నేనొస్తాను, దాని కోరిక అట్ట ఉండిపోగూడదు అంది. ఏ ఇల్లూ చూడబుద్ధి కాకపోయినా మళ్లీ ఆ సందులోకే వెళ్లాను. బోర్డు లేదు. ఎవరో చేరిపోయుంటారనుకుంటూనే ఓనరమ్మ తలుపు కొట్టాను. పెద్దావిడ బయటికి వచ్చింది. పేరు చెప్పగానే తిట్లు అందుకుంది.

"ఇన్ని దినాలు ఏడికి పోయినవు బాబూ? మీ ఆమె చూసి పోయినప్పటి సంది ఇల్లు ఎవరికీ చూపెట్టలే."

మా ఆవిడ రాలేదన్నాను. ఎందుకు రాలేదు, నేనే తాళం తీసి చూపించానంది. ఏ రోజని అడిగాను. నేను ఫోన్ చేసిన వారమే, గురువారమట. సాయిబాబా గుడికి పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉందట. గదులేవీ చూడలేదట. నేరుగా వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, దోసిట్లో పట్టుకుని తాగి, నీళ్లు తియ్యగా ఉన్నాయని సంబరపడిందట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందట.

"మా బావ వస్తాడు, ఎవురికీ ఇవ్వబాకండి అన్నది. కిరాయి తగ్గియ్యమని బతిమాలింది. సరే అన్న" అంటూ ఎంతకు ఒప్పుకుందో చెప్పింది. అది మా అంకె.

ఫోన్లో ఫోటో చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. ముఖం ఒట్టేసి చెప్పలేనంది, ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం ఉంది కదా అంది. అప్పుడు జరిగింది చెప్పాను.  ఆవిడ లోపలికి పోయి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ప్రసన్న ఫోన్ వెతికాను. ఓనరమ్మ నంబరుకు ఒక్క కాల్ కూడా పోలేదు. మా బావమరిది, మనవైపు మనిషే ఎవరో వచ్చుంటుంది, లేనివాళ్లందరి అంకె ఒకటే ఉంటుంది అంటాడు. కావచ్చు. మరి ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో తన గొంతు దిగిన నీళ్లు ఎక్కడివో వాడూ చెప్పలేడు, నేనూ చెప్పలేను.

నాలుగేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాం. పాపకు ముందు పళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. తెల్లగా ఉన్నాయి. మొన్న వాళ్ల అమ్మమ్మ ఏదో అంటే నోరంతా తెరిచి నవ్వింది. మా అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వంటింట్లోకి పోయింది.

ఆ పళ్లు చూడాల్సిన మనిషి చూడకుండానే పోయింది. చూస్తోందేమో కూడా, నాకు తెలియదు.