కోరుట్ల లేసు వెనక వరస

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరిగి బస్సులు నడవని రోజుల్లో ప్రయాణం పెట్టుకున్నందుకు ఎవరినీ తప్పు పట్టలేను. ఆ తేదీ చెప్పింది నేనే. జగిత్యాల ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు కుట్లు, అల్లికలు నేర్పి రిటైరైనదాన్ని. సిరిసిల్లలో కొందరు నేతవాళ్లు కలిసి, మరమగ్గాలు తీసేసిన ఒక పాత షెడ్డులో బట్టల మ్యూజియం మొదలుపెట్టారు. చేతి అల్లికలకు ఒక గది ఇస్తాం, మీకంటే తెలిసినవాళ్లెవరు, నింపే పూచీ మీదే అన్నారు. పొగడ్తకు పొంగిపోయి ఒప్పుకున్నాను. వద్దంటే వినకుండా కొరివితో తల గోక్కోవడమంటే ఇదే అని మావారు ఎత్తిపొడిచారు. ఆయన మాట వినివుంటే నా మోకాళ్లు కొంచెం సుఖపడేవి.

ఆ గదిలో నడిమి అద్దాల పెట్టె ఇంకా ఖాళీగా ఉంది. అందులోకి కోరుట్ల రహ్మత్ బీ అల్లిన ఖాన్‌పోష్ రావాలి. పెళ్లిళ్లలో మిఠాయి తట్ట మీద కప్పే తెల్లని లేసు రుమాలు అది. దాని చుట్టూ దానిమ్మ గింజలు పేర్చినట్టుండే అంచును వాళ్లు అనారు అంచు అంటారు. అది అల్లడం ఇప్పుడు ఆవిడ ఒక్కరికే తెలుసు. ఆవిడ అల్లినవాటిలో మిగిలింది కూడా ఒక్కటే. ఇస్తానని ఫోనులో మాట ఇచ్చింది. కోరుట్లలో దాన్ని తీసుకుని, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేర్చి, మర్నాటికి ఇల్లు చేరాలని నా ఆలోచన.

ఉదయం ఆరున్నరకు జగిత్యాల బస్టాండుకు వెళ్లాను. లోపల కుక్కలు తప్ప ఎవరూ లేరు. బయట ఏడు సీట్ల ఆటోలో పదకొండో మనిషిగా చోటు దొరికేసరికి ఏడూ ముప్పావు అయింది. మామూలు రోజుల్లో బస్సు టికెట్టుకు రెండింతలు అడిగాడు, ఇచ్చాను. నా పక్కన కట్టిన బీడీల తట్ట ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. సమ్మెలో కార్ఖానాకు సెలవు లేదా అని అడిగాను.

"రాష్ట్రం అచ్చినా బీడీలు మేమే చుట్టాలె గదమ్మా" అని కళ్లు మూసుకుంది.

మేడిపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు వెలిగించి, రోడ్డుకు అడ్డంగా పెద్ద గిన్నెలు పెట్టారు. డప్పులు, పాటలు, గులాబీ కండువాలు. ఆటో దిగి చింతచెట్టు కింద మూడు గంటలు కూర్చున్నాం. రాష్ట్రం కావాలని నాకూ ఉంది. కానీ ఆ ఎండలో నాకు అంతకంటే ముందు కావలసింది గోడకు ఆనించిన ఒక కుర్చీ. పదకొండు దాటాక విస్తట్లో పప్పన్నం పెట్టారు. వడ్డించిన పిల్లగాళ్లు ఏ ఊరమ్మా అని అడిగి మరీ పెట్టారు. మీకు ఈ దారిన పని పడితే నీళ్ల సీసా, గొడుగు మరవకండి, అన్నం సంగతి వాళ్లు చూసుకుంటారు.

కోరుట్ల చేరేసరికి పన్నెండున్నర. రహ్మత్ బీ ఇల్లు మార్కెట్ వెనక గల్లీలో ఉంది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. రెండు కళ్లనూ పొర కమ్మింది. నా గొంతు విని ముఖం ఇటు తిప్పింది. కొడుకు దుబాయిలో పనిచేస్తాడు. ఇంట్లో ఆవిడ, కోడలు షాహీన్, ఇద్దరే. షాహీన్ చాయ్ ఇచ్చి, చాప మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద ఖాన్‌పోష్ పెట్టింది. నలభై ఏళ్ల కిందటి నూలు వెన్న రంగుకు తిరిగింది. ఒక్క కుట్టు జారలేదు. పొద్దున్నుంచి పడ్డ అలసట మరిచిపోయి దాన్ని చూస్తూ ఉండిపోయాను.

చాయ్ తాగి సంచీ తెరిచాను. అప్పుడు షాహీన్ లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో ఐదారు లేసు ముక్కలున్నాయి. అన్నీ అనారు అంచు మొదలుపెట్టినవే. గీత నేరుగా పోయినంతసేపు బాగానే ఉన్నాయి, మూల తిరిగేచోట ముడుచుకుపోయాయి. రెండు నెలలుగా ప్రయత్నిస్తోందట. అత్తకు చూపు ఉంటే చేసి చూపించేది. నోటితో చెప్పబోతే ఆవిడకు మాట రావడం లేదు, చేతికి తెలిసింది నోటికి తెలియదు.

నేను చూసి చెబుతానన్నాను. ముప్పై ఏళ్ల టీచరమ్మ గర్వం ఎక్కడికి పోతుంది? కళ్లద్దాలు తుడుచుకుని, భూతద్దం పెట్టి, ఖాన్‌పోష్ మూల దగ్గరి కుట్లు అరగంట లెక్కపెట్టాను. ఒకసారి తొమ్మిది వచ్చింది, ఇంకోసారి పదకొండు. రహ్మత్ బీ నా తిప్పలు విని నవ్వింది. తర్వాత సంగతి చెప్పింది. పూర్వం పెళ్లిళ్లలో పక్కింటి ఆడవాళ్లు తట్ట దగ్గర నిలబడి కుట్లు లెక్కపెట్టుకుని వెళ్లి అల్లేసేవాళ్లట. అందుకని వాళ్ల అమ్మమ్మ కాలం నుంచి అంచు పూర్తయ్యాక వెనకవైపు ఇంకో వరస అల్లుతారు. అది లెక్కను కప్పేస్తుంది. రెండు వరసలూ ఒకే కుట్లలోంచి పోతాయి కాబట్టి వెనకది తీస్తే ముందుదీ నిలవదు. ఊడదీస్తే తప్ప ఆ అంచు ఎవరికీ అర్థం కాదు.

చెప్పి, షాహీన్‌ను కత్తెర తెమ్మంది.

నాకు కోపం వచ్చింది. అప్పుడు దాచుకోవడం ఎందుకు, ఇప్పుడు కోయడం ఎందుకు? ఇంత దూరం, ఇన్ని అడ్డంకులు దాటి వచ్చింది దీని కోసమే.

"ఆపా, నాకు మాట ఇచ్చిన్రు" అన్నాను, అక్కను బతిమాలినట్టు. "అద్దాల పెట్టెల పెడితే నూరేండ్లు చెడకుంట ఉంటది."

"ఉంటది" అంది ఆవిడ. "చూసినోళ్లకు ఏం తెలుస్తది? ఎవ్వలకు తెల్వద్దని నేనే దాసిన గద. నేను పోయినంక అది ఒట్టి బట్ట టీచరమ్మా."

షాహీన్ కత్తెర పట్టుకుంది కానీ కోయలేకపోయింది. పెళ్లినాడు తన మిఠాయి తట్ట మీద కప్పింది ఇదేనట. రహ్మత్ బీ చేయి చాచి కత్తెర తీసుకుని, తడుముకుంటూ నా చేతిలో పెట్టింది.

"మీరు కొయ్యుండ్రి. మీ చేతికి కుట్లు ఎరుకే."

వెనక వరస ముడి వెతికి పట్టుకున్నాను. కోశాను. భద్రపరచడానికి వచ్చినదాన్ని నేనే కోశాను. వెనక వరస సర్రున వచ్చేసింది. ఆ తర్వాత షాహీన్ ఒక్కొక్క గింజే ఊడదీస్తూ పోయింది. రహ్మత్ బీ దారం మీద వేలు ఆనించి ఏక్, దో అని లెక్కపెట్టింది. నేను ఊడిన దారాన్ని ఉండ చుట్టాను. మూల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురం ఆగిపోయాం. అక్కడ అల్లిక ముందుకు పోలేదు. రెండు గింజలు వెనక్కి వచ్చి, కింది వరసలోంచి దారం ఎత్తుకుని, అప్పుడు తిరిగింది. ఇన్నేళ్లూ పిల్లలకు ముందుకు పొమ్మనే చెప్పాను. నాకు ఎన్నడూ తట్టలేదు.

నాలుగు గంటలకు అంచంతా ఉండైపోయింది. షాహీన్ కొత్త దారం అందుకుంది. వేములవాడ పోయే జీపు వెళ్లిపోతుందని గల్లీ చివరి నుంచి కేకేశారు. ఖాళీ సంచీతో లేచాను. ఆ వేళ నాకు ఏడుపొక్కటే తక్కువ.

కథలాపూర్, రుద్రంగి మీదుగా జీపు వేములవాడ చేరేసరికి ఏడైంది. గుడి దగ్గరి లాడ్జీలన్నీ బస్సుల్లేక చిక్కుకుపోయిన యాత్రికులతో నిండి ఉన్నాయి. ఒక లాడ్జీ వరండాలో ఇద్దరు ముసలమ్మల మధ్య చాప దొరికింది. ఇడ్లీ తిని పడుకున్నాను. నిద్ర పట్టిందో లేదో చెప్పలేను.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఆటోలో సిరిసిల్ల. బజారంతా బంద్, సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు మాత్రం ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంది. మ్యూజియం తాళం తీసేది నర్సయ్య. ఒకప్పుడు చేతిమగ్గం నేసిన మనిషి. జరిగింది చెప్పి, తిట్లకు సిద్ధపడి బల్ల మీద కూర్చున్నాను. ఆయన తిట్టలేదు. మూలన తాడు కట్టి, బోర్డు పెట్టిన మగ్గం వైపు చూశాడు. అది ఆయనదే.

"గా మగ్గం నాదే మేడం. మస్తుమంది అచ్చి ఫొటోలు దిగుతున్నరు. నేర్పుమని ఒక్కడన్న అడుగలే" అన్నాడు. తర్వాత ఖాళీ అద్దాల పెట్టెను పైగుడ్డతో తుడిచి, తలుపు వేయకుండా వదిలేశాడు.

పదకొండుకు తిరుగు జీపు ఎక్కాను. వేములవాడ దాటాక కొడిమ్యాల దగ్గర మళ్లీ ఆపారు. దిగే ఓపిక లేక సీట్లోనే కూర్చున్నాను. మా మోకాళ్ల మీద మూటలు, బయట నినాదాలు. ఒక పెద్దాయన, రాష్ట్రం అచ్చేదాక ఇల్లు చేరమేమో అని గొణిగాడు. చేసిన పని ఏదైనా మిగిలిందా అని లెక్క చూసుకున్నాను. పెట్టె ఖాళీ, సంచీ ఖాళీ, ఊడదీసిన నలభై ఏళ్ల కిందటి పని. ఇలాంటి గదులను నింపడానికి నాలాంటి వాళ్లు ఊళ్లు తిరగడం అవసరమా అని కూడా అనిపించింది.

అప్పుడు షాహీన్ ఫోను చేసింది. మూల తిరిగిందట. పొద్దున అమ్మీ, అంటే అత్త, వేలితో తడిమి చూసి సరే అందట. నాలుగు మూలలూ అయ్యాక మ్యూజియానికి తానే తెచ్చి ఇస్తానంది. సంతోషం పట్టలేక, వెనక వరస కూడా నేర్చుకున్నావా అని అడిగాను.

"లేదు మేడం. ఎనక వరస ఎయ్యద్దన్నది అమ్మీ" అంది. "చూసినోళ్లు లెక్కపెట్టుకొని పోనీ అన్నది."